మెదడుకు కులం లేదు, తరగతి గదికి ఉంది

(జనవరి 3, సావిత్రీబాయి ఫూలే జయంతి రోజున విశాఖపట్నం సీతమ్మధారలో కొండవాలు పేటల తల్లిదండ్రులు, సాయంత్రం బడి నడుపుతున్న కార్యకర్తలు కలిసిన సభలో చేసిన ప్రసంగం ఇది. పాఠకుల కోసం కొద్దిగా సరిచేసి ఇస్తున్నాం.)

 

ఈ వేళ సావిత్రీబాయి పుట్టినరోజు. 1848లో పూణేలో ఆమె, జోతిరావు ఫూలే కలిసి ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆమె బడికి నడిచి వెళ్తుంటే పేడ విసిరారని, అందుకే ఇంకో చీర సంచిలో పెట్టుకుని వెళ్లేదని అందరం వింటూనే ఉన్నాం. ఆ పేడ సంగతి చెప్పినంతగా ఆ బడిలో చదివిన పిల్లల సంగతి మనం చెప్పుకోం. అక్కడ చదువుకున్న పిల్లల్లో ముక్తా సాల్వే ఒకతె. మాంగు కులం పిల్ల. మాంగు అంటే మన దగ్గర మాదిగల లాంటి కులం. 1855లో, 14 ఏళ్ల వయసులో, మహర్ మాంగుల దుఃఖం గురించి ఆమె రాసిన వ్యాసాన్ని జ్ఞానోదయ పత్రిక అచ్చువేసింది. ఆమె బడికి వెళ్లింది మూడేళ్లు. తరతరాలుగా అక్షరం ముట్టనివ్వని కులంలో పుట్టిన పిల్ల మూడేళ్ల చదువుతో దేశం ముందు ప్రశ్న పెట్టింది. తాత ముత్తాతల నుంచి చదువు లేని ఇంట్లో బుర్ర పుట్టదనే వాళ్లకి జవాబు 170 ఏళ్ల కిందటే దొరికింది.

ఇక మన పేట సంగతికి వద్దాం.

పోయిన నెలలో మా సాయంత్రం బడికి ఒక తల్లి వచ్చింది. కింద అపార్టుమెంట్లలో నాలుగిళ్లలో పని చేసుకుంటుంది. కొడుకు పదో తరగతి. గుమ్మంలోనే నిలబడి ఇలా అంది: "బాబూ, మా గుంటడికి బుర్ర నేదట. మేస్టారే సెప్పేరు. పరీచ్చకి కూకోబెట్టి ఏటి లాభం? పోర్టులో ఏదో పనికి ఎట్టేస్తే ఇల్లన్నా గడుస్తాది కదా."

మేము ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాం. "అలా అనకమ్మా" అన్నాం. ఆ ముక్కతో ఆమెకి ఏం ఒరిగింది? అందుకే నెల రోజులుగా కూర్చుని చదివాం. పిల్లలు ఎలా నేర్చుకుంటారు, ఎందుకు నేర్చుకోలేకపోతారు అని ప్రపంచంలో పరిశోధన చేసినవాళ్లు ఏం కనిపెట్టారో వెతికాం. ఇవాళ చెప్పేది ఆ తల్లికి ఇవ్వాల్సిన జవాబే. ఆమె ఈ సభలోనే ఉంది. పేరు చెప్పం.

బుర్ర నేదన్నది ఎవరు?

"బుర్ర లేదు" అనే మాట మనకి కొత్త కాదు. ఏకలవ్యుడికి బుర్ర లేదనలేకపోయారు, అందుకని బొటనవేలు తీసుకున్నారు. మన కాలానికి వచ్చేసరికి వేలు కొయ్యనక్కర్లేకుండా పోయింది. "నీకు రాదు" అని పదిసార్లు చెప్తే చాలు, చెయ్యి తనంతట తనే పలక కింద పెట్టేస్తుంది.

బాబాసాహెబ్ సంగతి చూడండి. సతారా బడిలో ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చోవాలి. కుళాయి ముట్టుకోకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్లు, ప్యూను లేని రోజు నీళ్లు లేవు. తర్వాత బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో పంతులు లెక్క చెయ్యమని నల్లబల్ల దగ్గరకి పిలిస్తే తరగతి అంతా గోల చేసిందని ఆయన జీవితచరిత్రల్లో ఉంది. బల్ల వెనకాల పెట్టిన తమ అన్నం డబ్బాలు మైలపడతాయని సవర్ణ పిల్లలు ఉరికి వాటిని తీసుకున్నాకే ఆయన లెక్క చేశాడు.

ఇప్పుడు మీరు చెప్పండి. ఆ నిమిషంలో ఆ పిల్లవాడి తలలో ఏముంటుంది? లెక్కా, డబ్బాల చప్పుడా? పక్కనున్న పిల్లవాడికి తలంతా లెక్కకే ఖాళీగా ఉంది. మన పిల్లవాడికి తలలో సగం చోటు అవమానం ఆక్రమించుకుంది. ఇద్దరికీ ఒకే మార్కుల కొలత పెట్టి, వీడికి బుర్ర తక్కువ అని తీర్పు చెప్పడం న్యాయమేనా?

కులం పేరు పిలిస్తే ఏమయింది?

ఇది మన కడుపుమంటతో అంటున్న మాటని కొందరు తీసిపారేస్తారు. వాళ్ల కోసం ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో జరిగిన పరీక్ష చెప్తాం. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసి 2004లో, 2006లో ప్రచురించారు. ఆరు, ఏడు తరగతుల మగపిల్లల్ని తీసుకున్నారు. పై కులాల వాళ్లు 321 మంది, చమార్ కులం వాళ్లు 321 మంది. కాయితం మీద చిక్కుదారి బొమ్మలు ఇచ్చారు. దారి కనుక్కున్న ఒక్కో బొమ్మకి డబ్బులు.

మొదట ఎవరి కులమూ చెప్పకుండా కూర్చోబెట్టారు. చమార్ పిల్లలు, పై కులాల పిల్లలు ఇంచుమించు సమానంగా చేశారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాత వేరే గుంపుల్లో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరు, కులం అందరి ముందూ చదివారు. అవే బొమ్మలు, అదే సమయం, అవే డబ్బులు. చమార్ పిల్లలు చేసిన బొమ్మలు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పడిపోయాయి.

ఆ పది నిమిషాల్లో పిల్లల మెదడు మారిపోలేదు కదా. మారింది గదిలోని గాలి. కులం వినబడగానే, ఎంత చేసినా నాకు న్యాయం దక్కదులే అనే పాత అనుభవం లేచింది. పరిశోధకులు కూడా దాదాపు అదే అన్నారు. అన్యాయం జరుగుతుందనే ఎదురుచూపు పిల్లల చేతిని వెనక్కి లాగిందని.

ఇలాంటి పరీక్షలు అమెరికాలో నల్లజాతి విద్యార్థుల మీద 1995లో స్టీల్, ఆరన్‌సన్ చేశారు. తర్వాత ఇతరులు పెద్ద ఎత్తున చేసిన కొన్ని పరీక్షల్లో ఫలితం అంత బలంగా రాలేదు. ఈ మాట కూడా చెప్పాలి. మనకి అనుకూలమైన అంకెలే చెప్పి మిగతావి దాచిపెడితే మనం కూడా పురాణం చెప్పినట్టే అవుతుంది. కానీ ఉత్తరప్రదేశ్ పరీక్ష మన బడుల్లో రోజూ జరిగేదానికి దగ్గరగా ఉంది. గుర్తు తెచ్చుకోండి. స్కాలర్‌షిప్ కాయితాలు వచ్చిన రోజు తరగతిలో వినబడే మాట ఏమిటి? "ఎస్సీలు నిలబడండి." అరవై మంది ముందు పదిమంది లేచి నిలబడతారు. స్కాలర్‌షిప్ మన హక్కు. దాన్ని అందరి ముందు బిచ్చంలా పంచి, మరుక్షణం లెక్కల పరీక్ష పెడతారు.

మన చేతిలో ఎర్రపెన్ను

ఇంకో పరిశోధన ఉంది. ఇది వింటే మనకి కూడా నొప్పి పుడుతుంది. రెమా హన్నా, లీ లిండెన్ అనేవాళ్లు మన దేశంలోనే పిల్లలకి పోటీ పరీక్ష పెట్టారు. జవాబు కాయితాలకి పైన అంటించే కాయితం మీద కులం, ఆడా మగా అన్నది లాటరీ పద్ధతిలో రాశారు. అంటే కాయితం లోపలి జవాబుకీ, పైన రాసిన కులానికీ సంబంధం లేదు. టీచర్ల చేత దిద్దించారు. కింది కులం అని రాసి ఉన్న కాయితానికి మార్కులు కొద్దిగా తగ్గాయి. తేడా చిన్నదే. కానీ ప్రతి తరగతిలో, ప్రతి పరీక్షలో ఆ చిన్న తేడా పోగుపడితే ఏమవుతుంది?

2012లో అచ్చయిన ఆ పరిశోధనలో అసలు దెబ్బ వేరే ఉంది. మార్కులు తగ్గించింది ఎక్కువగా పై కులం టీచర్లు కాదు, కింది కులాల నుంచి వచ్చిన టీచర్లే అని తేలింది. దీన్ని మనం దాచిపెట్టకూడదు. బాబాసాహెబ్ చెప్పిన మెట్ల అసమానత ఇదే కదా. "మనోళ్లకి ఇంతే వస్తాది" అనే మాట మన నోట్లో ఎన్నిసార్లు వస్తుందో మనమే లెక్కపెట్టుకుందాం. మాల పిల్లవాడు మాదిగ పిల్లవాణ్ణి, ఇద్దరూ కలిసి రెల్లి పిల్లవాణ్ణి తక్కువ చూస్తే, ఎర్రపెన్ను మన చేతిలోకి వచ్చినా రాత మారదు.

రైతుబజారు లెక్క

ఆ తల్లి కొడుకు సంగతి చెప్తాం. ఆదివారం ఉదయం సీతమ్మధార రైతుబజారులో మేనమామ కొట్టు దగ్గర కూర్చుంటాడు. మేము వెళ్లి కావాలనే చూశాం. కిలో 40 రూపాయల వంకాయలు ముప్పావు కిలో, కిలో 28 రూపాయల టమాటాలు అరకిలో అడిగి, వంద నోటిచ్చాం. కాయితం లేదు, సెల్లు తియ్యలేదు. వంకాయలు కవర్లో వేస్తూనే "యాభై ఆరు" అని చిల్లర చేతిలో పెట్టేశాడు. అదే కుర్రాడి లెక్కల నోటుబుక్కులో దశాంశాల గుణకారం నిండా ఎర్ర ఇంటూలు.

ఇది వాడొక్కడి వింత కాదు. బ్రెజిల్‌లో రెసీఫే నగరంలో 1985లో కొబ్బరికాయలు, పళ్లు అమ్మే ఐదుగురు పిల్లలతో పరిశోధకులు ఇదే చేశారు. బజారులో అడిగిన 63 లెక్కల్లో నూటికి 98 సరైన జవాబులు. అవే లెక్కలు బడిలో లాగా అంకెలేసి కాయితం మీద ఇస్తే నూటికి 37 మాత్రమే. 2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ, ఇంకా కొందరు కలిసి కోల్‌కతా, ఢిల్లీ బజారుల్లో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. బజారు పిల్లలు రెండు మూడు సరుకుల లెక్క నోటితో చేసేశారు. బడి లెక్క ఇస్తే తడబడ్డారు. తమాషా ఏమిటంటే, బడి లెక్కలు బాగా చేసే పిల్లలకి బజారు లెక్క ఇస్తే వాళ్లు అంతకంటే తడబడ్డారు. పనిచేసే పిల్లల్లో మూడో వంతుకు పైగా చేసిన లెక్కని, ఏ పనీ చెయ్యని బడిపిల్లల్లో నూటికి ఒక్కరు చేయగలిగారు.

దీని అర్థం పిల్లల్ని బజారుకే పంపించమని కాదు. ఎవరైనా అలా అర్థం చేసుకుంటే మా నోరు కుట్టేసుకుంటాం. అర్థం ఏమిటంటే, లెక్క వాడి బుర్రలో ఉంది. ఆ లెక్క నుంచి కాయితం లెక్కకి వంతెన కట్టలేదు, అంతే. ముప్పావు కిలో అంటే 0.75 అని, నువ్వు రోజూ చేసేదే ఇది అని పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. ఆ వంతెన కట్టడమే బడి పని. కట్టకుండా బుర్ర నేదన్నారు.

ఆకలి, అప్పు కూడా తలలో చోటు అడుగుతాయి

పరిశోధకులు చెప్పే ఒక ముఖ్యమైన విషయం తేలిగ్గా చెప్తాం. మనిషి తలకి ఒక అరుగు, ఒక లోపలి గది ఉన్నాయనుకోండి. లోపలి గది పెద్దది, ఎంతయినా పడుతుంది. అరుగు మాత్రం చిన్నది. ఒకేసారి మూడు నాలుగు సంగతులే అక్కడ కూర్చోగలవు. ఏ పాఠమైనా అరుగు మీద కూర్చున్నాకే లోపలికి వెళ్లాలి. ఇంట్లో నీళ్లు వచ్చాయో లేదో, నాన్న తాగొస్తాడో లేదో, మేస్టారు కొడతాడో అనే భయాలు అప్పటికే అరుగు మీద కూర్చుంటే పాఠానికి చోటేదీ?

పక్కన తమిళనాడులో 464 మంది చెరుకు రైతుల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. చెరుకు అమ్మకముందు, చేతిలో డబ్బు లేని రోజుల్లో తెలివితేటల పరీక్ష పెట్టారు. అమ్మాక, డబ్బు వచ్చాక అదే మనిషికి మళ్లీ పెట్టారు. రెండోసారి బాగా చేశాడు. మనిషి అతడే. అప్పు దిగింది, అరుగు ఖాళీ అయింది. ఈ ఫలితం మీద కూడా పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. మన తల్లులకి మాత్రం ఈ సంగతి చీటీ కట్టాల్సిన వారంలో అనుభవంలోకి వస్తూనే ఉంటుంది.

అందుకే మధ్యాహ్న భోజనం, గుడ్డు, హాస్టల్ మెస్ ఛార్జీలు చదువుకి సంబంధం లేని సంగతులని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అవి అరుగు ఊడ్చే పనులు. బెత్తం కూడా అంతే. కొట్టడం, మానసికంగా హింసించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. భయం ముందుగా అరుగెక్కి కూర్చుంటుంది. ఇది బడికే కాదు, మన ఇళ్లకీ వర్తిస్తుంది. "కొట్టయినా సరే చెప్పండి మేస్టారూ" అనే మాట ఇక మానేద్దాం.

పుస్తకం మూసి చెప్పు

ఇప్పుడు పదో తరగతి పిల్లలకి పనికొచ్చే సంగతి. మార్చిలో పరీక్షలు. పది వారాలున్నాయి. ఇది జాగ్రత్తగా వినండి.

మన పిల్లలు ఎలా చదువుతారు? పాఠాన్ని పదిసార్లు పైకి చదువుతారు. కార్పొరేటు కాలేజీల్లో రుబ్బుడు కూడా ఇదే, కాకపోతే ఫీజుతో. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. ఒక గుంపు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక్క విడతే చదివి, కాయితం పక్కన పెట్టి గుర్తున్నదంతా మూడుసార్లు రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లకి నూటికి 83 వంతులు గుర్తుంది, రెండో గుంపుకి 71. ఇంతవరకూ రుబ్బుడుదే పైచేయి. వారం తర్వాత అడిగారు. పదేపదే చదివినవాళ్లకి మిగిలింది 40. చూడకుండా రాసినవాళ్లకి 61.

ఇంకో సంగతి. పదేపదే చదివినవాళ్లే మాకు బాగా వచ్చేసిందని ఎక్కువ నమ్మకంగా ఉన్నారు. చదువుతుంటే నోరు తిరుగుతుంది, వచ్చేసిందనిపిస్తుంది. పుస్తకం మూశాక తంటాలు పడి గుర్తు తెచ్చుకుంటే రానట్టు అనిపిస్తుంది. కానీ ఆ తంటాయే గుర్తుని గట్టిపరుస్తుంది. బావిలోంచి చేద పైకి లాగినప్పుడే కదా చేతికి అలవాటవుతుంది. బావిలోకి తొంగి చూస్తే నీళ్లు రావు.

రెండో సంగతి, విడతలుగా చదవడం. ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు 1885లోనే మరుపు ఎలా వస్తుందో తన మీదే కొలిచి రాశాడు. నేర్చుకున్నదాంట్లో చాలా భాగం మొదటి రోజుల్లోనే జారిపోతుంది. జారిపోయే వేళకి మళ్లీ పట్టుకుంటే ఈసారి ఎక్కువ రోజులు నిలుస్తుంది. అందుకని ఒకే పాఠం ఒక్క రాత్రి నాలుగు గంటలు కూర్చునే బదులు, ఇవాళ గంట, రెండు రోజులకి గంట, వారానికి గంట, నెలకి గంట. అదే నాలుగు గంటలు. ఫలితం వేరు. దీన్ని వందల పరీక్షల్లో చూశారు. ఇందులో పెద్దగా వివాదం లేదు.

ఈ పద్ధతిలో మనకి ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. దీనికి ట్యూషన్ ఫీజు అక్కర్లేదు. తల్లికి చదువు వచ్చి ఉండనక్కర్లేదు. రాత్రి అన్నం వండుతూ తల్లి కొడుకుతో అనాల్సింది ఒక్క మాట: "నాయనా, పుస్తకం మూసి, ఈ వేళ బళ్లో ఏటి సెప్పేరో నాకు సెప్పు." వాడు చెప్తాడు. ఆగిపోతే "తరవాతేటి?" అని అడగండి. మీకు అర్థం కాకపోతే "నాకు తెల్లేదు, ఇంకోపాలి సెప్పు" అనండి. మీకు అర్థమయ్యేలా చెప్పడానికి వాడు పడే తంటాయే వాడి చదువు. అక్షరం రాని తల్లి చెవి ఇచ్చినా చాలు, వాడు చూడకుండా గుర్తు తెచ్చుకోవాల్సి వస్తుంది, మనకి కావాల్సింది అదే. మాకు చదువు లేదు, మేమేం చేస్తాం అని ఇక ఏ తల్లీ తల దించుకోనక్కర్లేదు.

ఏ భాషలో, ఏ బడిలో?

ఇంగ్లీషు మీడియం గురించి అడుగుతారని తెలుసు. ఇంగ్లీషు మన పిల్లలకి కావాలి. తమ పిల్లల్ని ఇంగ్లీషులో చదివించుకుంటూ మన పిల్లలకి మాతృభాష మహిమ చెప్పేవాళ్ల మాట మనం నమ్మక్కర్లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంగ్లీషు మీడియం జీవోలు ఇస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ గొడవంతా మీకు గుర్తుంది. మేము చెప్పేది ఆ గొడవ కింద ఉండిపోయిన సంగతి.

చదవడం అనేది పిల్లవాడు ఒకసారి నేర్చుకునే విద్య. తనకి తెలిసిన మాటల్లో చదవడం వస్తే, దాని మీద నిలబడి రెండో భాష నేర్చుకోవడం తేలిక. అక్షరమూ తెలియక, మాటా తెలియక రెండూ ఒకేసారి మీద పడితే అరుగు కూలిపోతుంది. మన్యంలో కువి, సవర, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకి మన తెలుగే పరాయి భాష. గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని, వాళ్ల భాషలో పుస్తకాలు తయారుచేసి బళ్లు నడిపించాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు కూడా వేశారు. ఇక మన సంగతి. "ఏటి", "నేదు", "బేగి" అంటే తరగతిలో నవ్వుతారు. ఆ నవ్వుతో పిల్లవాడు నోరు మూసేస్తాడు. నోరు మూసినవాడు ప్రశ్న అడగడు. ప్రశ్న అడగనివాడికి బుర్ర లేదంటారు. మన యాస తప్పు కాదు. దాని మీదుగా పుస్తకం తెలుగుకీ, ఇంగ్లీషుకీ వెళ్లాలి. మా మాట ఇదే: ఇంగ్లీషు కావాలి, దానికి మెట్లు కూడా కావాలి. మెట్లు లేకుండా మేడ చూపిస్తే మోసమే.

ఇక ప్రైవేటు బడి. కడుపు కట్టుకుని ఫీజులు కడుతున్నాం. మన విశాఖపట్నం జిల్లాతో సహా ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాలు, 180 గ్రామాల్లో 2008 నుంచి నాలుగేళ్లు ఒక అధ్యయనం జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేశారు. లాటరీ తీసి కొందరు ప్రభుత్వ బడి పిల్లల ఫీజు కట్టి ప్రైవేటు బడిలో చేర్చారు. లాటరీ రాని పిల్లలతో పోల్చారు. తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. ప్రైవేటు బడిలో అదనంగా నేర్పే హిందీలో ముందున్నారు. ప్రైవేటు బడికయ్యే ఖర్చు ప్రభుత్వ ఖర్చులో మూడో వంతు కూడా లేదన్నది కూడా నిజమే. కాబట్టి ప్రభుత్వ బడిని నిలదియ్యాల్సిందే. కానీ టై కడితే లెక్కలు రావన్నది కూడా తేలింది.

మరి దేనికి వస్తాయి? పిల్లవాడు ఎక్కడున్నాడో అక్కడి నుంచి మొదలుపెడితే వస్తాయి. ప్రథమ్ సంస్థ అసర్ సర్వే 2024లో దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 23.4. ఐదో తరగతిలో 44.8. చదవడం రాని పిల్లవాడి ముందు ఏటికేడు పెద్ద పుస్తకం పెడుతూ పోతున్నాం. ముంబై, వడోదర మున్సిపల్ బడుల్లో వెనకబడిన పిల్లల్ని రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, ఆ పేటలోనే ఇంటరు దాకా చదివిన అమ్మాయిల చేత వాళ్ల మెట్టు నుంచి చెప్పిస్తే బాగా ముందుకొచ్చారు. ఆ ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. ఇలాంటి అమ్మాయిలు మన పేటలో లేరా? ఈ సభలోనే పదిమంది కూర్చుని ఉన్నారు.

ఇప్పుడు చెయ్యాల్సింది

ఒకటి. ప్రతి ఇంట్లో రాత్రి ఒక పావుగంట "పుస్తకం మూసి చెప్పు". టీవీ కట్టేసి వినాలి.

రెండు. సాయంత్రం బడిలో తరగతిని బట్టి కాదు, చదవడం ఎంత వచ్చో దాన్నిబట్టి కూర్చోబెడదాం. ఎనిమిదో తరగతి పిల్లవాడు మూడో తరగతి పుస్తకం చదువుతుంటే నవ్వినవాణ్ణి ముందు బయటికి పంపుదాం.

మూడు. పదో తరగతి పిల్లలకి ప్రతి పాఠం నాలుగు విడతలు. తేదీలు రాసిన కాయితం మేమే వేసి ఇస్తాం, గోడకి అంటించుకోండి.

నాలుగు. స్కాలర్‌షిప్ పేర్లు తరగతిలో కులం పేరుతో పిలవొద్దని, కాయితాలు విడిగా తీసుకోవాలని ప్రతి హెడ్మాస్టరుకీ అర్జీ ఇద్దాం. దీనికి ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు.

ఐదు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, మన కులాల వాళ్లకి వాటా ఉండాలి. సంతకం పెట్టి వచ్చే సభ్యులు వద్దు. ఎంతమంది పిల్లలకి చదవడం వచ్చిందో చెప్పమని అడిగే సభ్యులు కావాలి.

ఆరు. ఈ పద్ధతులన్నీ ఉన్నా టీచరు లేని బడికి టీచరు రాడు, మరుగుదొడ్డి లేని బడికి ఆడపిల్ల వెళ్లదు. దాని కోసం రోడ్డెక్కాల్సిందే. పరిశోధన మనకి పనిముట్టు. పోరాటానికి బదులు కాదు. 2007లో థోరాట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్ లాంటి పెద్ద ఆస్పత్రి కాలేజీలో కూడా దళిత ఆదివాసీ విద్యార్థుల పట్ల తరగతి గదిలో, హాస్టల్లో వివక్ష ఉందని తేల్చింది. డాక్టరు సీటు దాకా వెళ్లినవాడి అరుగు మీద కూడా కులం వచ్చి కూర్చుంటోంది. అందుకని పిల్లవాణ్ణి ఒక్కణ్ణే గట్టిపడమని చెప్పి ఊరుకుంటే చాలదు. గదిని మార్చాలి.

చివరిగా ఆ తల్లితో మాట్లాడి కూర్చుంటాం.

అమ్మా, మీ అబ్బాయికి బుర్ర ఉంది. వంద నోటు ఇచ్చి మేము చూశాం. వాడి లెక్క తప్పింది కాయితం మీద, అది మేము నేర్పాల్సింది. పదో తరగతి పాసవుతాడని మేము మాట ఇవ్వలేం. అలా ఇచ్చేవాళ్లు అబద్ధాలాడుతున్నట్టు. పోర్టులో పని ఎక్కడికీ పోదు, పరీక్ష మాత్రం మార్చిలో వచ్చి వెళ్లిపోతుంది. ఈ పది వారాలు వాణ్ణి మాకివ్వండి. రాత్రి పావుగంట మీ చెవి వాడికివ్వండి. ఆదివారం పొద్దున్న బజారు నుంచి వచ్చాక, వాడు కట్టిన చిల్లర లెక్కలన్నీ నోటుబుక్కులో దశాంశాల్లో మళ్లీ రాయిస్తాం. ఎర్ర ఇంటూలు ఎన్ని తగ్గాయో మార్చిలో మీకే చూపిస్తాం.

రేపటి నుంచి సాయంత్రం ఆరింటికి బడి. చాప మాత్రం ఎవరిది వారు తెచ్చుకోనక్కర్లేదు. అందరికీ ఒకటే జంపఖానా.

జై భీమ్! జై సావిత్రీబాయి!